డోలు తిప్పి వేసుకోండి

మీది ఎడమచేతి వాటం. చేతికొచ్చిన వాద్యమేమో కుడిచేతి వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇప్పుడు చెయ్యి మార్చుకోవాలా, వాద్యం తిప్పుకోవాలా?

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. ప్రపంచంలో సుమారు 10 మందిలో ఒకరిది ఎడమచేతి వాటమే. ఖమ్మంలో మృదంగం క్లాసుకు వెళ్లే పిల్లకూ, భద్రాచలంలో సన్నాయి మేళం వెంట తిరిగే కుర్రాడికీ, ఇల్లందు సింగరేణి కాలనీలో గిటారు పట్టిన అబ్బాయికీ, చర్ల అవతలి గూడెంలో డోలి మెడకు తగిలించుకున్నవాడికీ మొదటి రోజు వినపడే మాట ఒకటే: "అరే, పుర్రచేత్తోనా? ముందు ఆ చెయ్యి మార్చు!"

అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లకు తెలిసిన పద్ధతి అది. కానీ ఆ మాటకు బెదిరి చెయ్యి మార్చినా నష్టమే, పంతానికి పోయి మార్చనన్నా నష్టమే. ఏ చేత్తో వాయించాలో తేల్చాల్సింది వాద్యం. ఊరి మాటా కాదు, మన పంతమూ కాదు. అదెలా తేల్చుకోవాలో, తేల్చుకున్నాక సాధన ఎలా సాగించాలో చూద్దాం.

ముందు మీ చెయ్యి ఏదో చూసుకోండి

"నేను కుడిచేత్తోనే రాస్తాను కదా" అంటారా? రాసే చెయ్యిని నమ్మకండి. అన్నం, అక్షరం, ప్రసాదం, ఈ మూడూ మన ఇళ్లల్లో కుడిచేతికే నేర్పుతారు. ఎవరూ దగ్గరుండి నేర్పని పనుల్లో మీ చెయ్యి ఏం చేస్తుందో గమనించండి.

1. చెట్టు మీది మామిడికాయకు రాయి విసరండి. ఏ చెయ్యి లేచింది?

2. సూదిలో దారం ఎక్కించండి. కదిలే చెయ్యి ఏది, కదలకుండా పట్టుకున్న చెయ్యి ఏది?

3. పాట వింటూ బల్ల మీద దరువు వేయండి. గబగబా పడే చిన్న దెబ్బలు ఏ చేతివి?

4. చూపుడువేలితో 30 సెకన్లపాటు వీలైనంత వేగంగా తట్టండి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. పక్కన ఎవరినైనా లెక్కపెట్టమనండి. సంఖ్య ఒక్కటే చూడకండి. చివరి 10 సెకన్లలో దెబ్బలు సమానంగా పడుతున్నాయా, తడబడుతున్నాయా అన్నది ముఖ్యం.

నాలుగింటిలోనూ ఎడమే ముందుంటే మీది గట్టి ఎడమచేతి వాటం. రెండు అటు, రెండు ఇటు వచ్చాయా? మీకు ఏ చెయ్యయినా ఒదుగుతుంది. హాయిగా అందరిలాగే మొదలుపెట్టండి, సగం చిక్కులు తప్పుతాయి. గట్టి ఎడమచేతి వాళ్లు మాత్రం ముందుకు చదవండి.

ఒకే బృందం, రెండు దారులు

బీటిల్స్ బృందంలో నలుగురుంటే ఇద్దరిది ఎడమచేతి వాటం. పాల్ మెకార్ట్‌నీ మొదట్లో కుడిచేతి గిటారుతో కుస్తీ పట్టాడు. స్లిమ్ విట్‌మన్ అనే గాయకుడు గిటారును ఎడమచేతి వాటంగా పట్టుకున్న బొమ్మ చూశాక, తన గిటారు తీగల్ని తారుమారు చేసి బిగించుకున్నాడు. డ్రమ్ములు వాయించే రింగో స్టార్‌ది ఇంకో దారి. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పట్టుబట్టి కుడిచేత్తో రాయించింది. ఆయన డ్రమ్ములు కూడా కుడిచేతి వాళ్లు అమర్చుకునే తీరులోనే పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి ముందు కదిలేది కాబట్టి ఆయన దరువుల మధ్య విరుపులు వేరేగా పడేవి. వాటిని అనుకరించడానికి కుడిచేతి డ్రమ్మర్లు తంటాలు పడ్డారు.

ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఒకరు వాద్యాన్ని మార్చుకున్నారు, ఒకరు ఉన్నదాంట్లో ఒదిగారు. మీ వాద్యం ఏ దారి అడుగుతుందో తెలియాలంటే అది ఈ మూడు రకాల్లో ఏదో చూసుకోండి.

మొదటి రకం: తిప్పుకుంటే చాలు

డప్పుతో మొదలుపెడదాం. గుండ్రటి చట్రం, దాని మీద తోలు. కుడి ఎడమలు దానికి తెలియవు. మామూలుగా డప్పును ఎడమ భుజానికి వేసుకుని, కుడిచేత్తో పొట్టి సిర్ర, ఎడమచేత్తో సన్నటి సిటికెన పుల్ల పడతారు. మీరు కుడి భుజానికి వేసుకుని పుల్లలు అటుదిటు మార్చుకోండి. పనైపోయింది. మంట దగ్గర కాచినప్పుడు అందరి డప్పులాగే మీదీ బిగుస్తుంది.

కోయ గూడేల్లో వాయించే డోలి, భజనల్లో వాయించే ఢోలక్ కూడా ఇంతే, తిప్పి వేసుకోవచ్చు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఈ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. పెద్దలు వాయిస్తుంటే చూసి, విని పట్టుకోవాలి. పుస్తకం లేకపోవడం ఎడమచేతి వాళ్లకు ఒకందుకు మేలే: బొమ్మలో చూపిన చెయ్యే వాడాలని ఎవరూ పేజీ తీసి చూపించలేరు.

గుడి మేళంలోని డోలుకు ఒకవైపు కర్ర, ఇంకోవైపు వేళ్లకు తొడుగులు. మామూలుగా కర్ర ఎడమచేతిలో, తొడుగులు కుడిచేతి వేళ్లకు ఉంటాయి. కష్టమైన పని వేళ్లదే. కాబట్టి గట్టి ఎడమచేతి వాళ్లు డోలు తిప్పి, తొడుగులు ఎడమచేతికి పెట్టుకోవాలి, కర్ర కుడిచేతికి ఇవ్వాలి. కర్ర చేతిలో ఉంది కదా, అదే గట్టి చెయ్యి అయి ఉండాలని పొరబడకండి.

మృదంగానికి నల్లమచ్చ ఉన్న మూత ఒకవైపు, రవ్వముద్ద పెట్టే తొప్పి ఇంకోవైపు. తిప్పితే నల్లమచ్చ మీ ఎడమచేతి కిందికి వస్తుంది. వాద్యంలో మార్చాల్సింది ఏమీ లేదు. మారేది వేదిక మీద మీరు కూర్చునే చోటు. కచేరీలో గాయకుడికి కుడిపక్క మృదంగం, ఎడమపక్క వయొలిన్ కూర్చోవడం ఆనవాయితీ. అలా కూర్చుంటే నల్లమచ్చ వైపు జనానికి తిరిగి ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లు అక్కడే కూర్చుంటే తొప్పి జనం వైపు వస్తుంది. అందుకని వయొలిన్ వాళ్లతో చోటు మార్చుకోవాలి.

ఈ కాస్త జరగడానికే ఒకప్పుడు అందరూ ఒప్పుకోలేదు. తమిళనాడుకు చెందిన పళని సుబ్రహ్మణ్య పిళ్లై (1908–1962) ఎడమచేతి వాటంగానే మృదంగం వాయించారు. చోటు మార్పిడి ఇష్టంలేక ఆయనను పక్కన పెట్టినవాళ్లున్నారు. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ మాత్రం అండగా నిలిచి తన కచేరీల్లో కూర్చోబెట్టుకున్నారు. తర్వాత మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు పక్కన పళని పేరు చెప్పే స్థాయికి ఆయన ఎదిగారు. మీ గురువు గారు "ఎడమచేతి మృదంగమా, ఎక్కడా వినలేదే" అంటే ఈ పేరు వినయంగా గుర్తుచేయండి.

తబలాలో రెండిటి చోట్లు మార్చుకుంటే సరి. ఒక్క జాగ్రత్త: పెద్ద తబలా మీద నల్లమచ్చ నడిమధ్యన ఉండదు, ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. చెయ్యి మారినప్పుడు ఆ మచ్చ మీ మణికట్టుకు సరిగ్గా అందేలా తబలాను కూడా కాస్త తిప్పి పెట్టుకోండి. చాలామంది ఇది మరిచిపోయి "నాకు గుమకి (మణికట్టు జరుపుతూ పలికించే ఊపు) రావడం లేదు" అని బాధపడుతుంటారు.

వెదురు మురళికి మీటలుండవు కాబట్టి ఏ పక్కకైనా పట్టుకోవచ్చు. హరిప్రసాద్ చౌరాసియా అప్పటికే పేరున్న కళాకారుడు. అయినా అన్నపూర్ణాదేవి దగ్గర శిష్యరికం కోసం, నేర్చింది వదిలి కొత్తగా మొదలుపెడతానని రుజువు చేయడానికి, కుడిపక్కకు పట్టే మురళిని ఎడమపక్కకు మార్చుకున్నారు. చెయ్యి తిరిగిన వాడే వైపు మార్చి మళ్లీ శిఖరం ఎక్కగలిగితే, ఇవాళే మొదలుపెడుతున్న మీకు ఏ వైపయితే ఏం? కొనేటప్పుడు మాత్రం ఒకసారి పట్టి చూడండి. కొందరు తయారీదారులు చిన్నవేళ్లకు అందేలా రంధ్రాల్ని కాస్త పక్కకు జరుపుతారు. అలాంటిది మీ చేతికి పనికిరాదు. రంధ్రాలన్నీ ఒకే వరసలో ఉన్నది అడిగి తీసుకోండి.

రెండో రకం: ఉన్నట్టే నేర్చుకోండి

వయొలిన్, వీణ, కీబోర్డు ఈ కోవలోవి. ఇక్కడ మీకో శుభవార్త ఉంది. వయొలిన్‌లో కమాను కుడిచేతిది. స్వరస్థానం వెతకడం, గమకం ఊపడం, వేలు జార్చడం అంతా ఎడమచేతి పని. వీణ మీద కూడా కుడిచెయ్యి మీటుతుంది, మెట్ల మీద తీగను లాగి రాగాన్ని పలికించేది ఎడమచెయ్యి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెట్టిన రోజు నుంచే కుడిచేతి వాళ్లు తమ బలహీనమైన చెయ్యితో ఈ పని చేస్తుంటారు. మీరు బలమైన చెయ్యితో చేస్తారు.

"తీగలు తారుమారు చేసి వయొలిన్‌ను ఎడమచేతిదిగా మార్చుకోకూడదా?" అని అడుగుతారేమో. పైకి కనిపించేంత తేలిక కాదు. వయొలిన్ పొట్టలో మంద్ర తీగ కింద పొడుగాటి చెక్కపట్టీ, హెచ్చు తీగ వైపు నిలువు పుల్ల ఉంటాయి. తీగలు మార్చినా అవి మారవు, నాదం దెబ్బతింటుంది. వీణకైతే పక్కన ఉండే మూడు తాళం తీగలు కూడా అవతలికి రావాలి. అంటే ప్రత్యేకంగా చేయించుకోవాల్సిందే.

కీబోర్డును తిప్పలేం. మంద్రం ఎప్పుడూ ఎడమపక్కే. మీ ఎడమచేతికి బలం ఉంది కాబట్టి తోడు స్వరాలు, తాళం నడక అందరికన్నా ముందే కుదురుకుంటాయి. ఆ ఆనందంలో కుడిచేతి సాధన ఎగ్గొట్టకండి. హార్మోనియంలో ఒక వెసులుబాటు ఉంది: కుడిచేత్తో తిత్తి ఊపుతూ ఎడమచేత్తో మెట్లు నొక్కవచ్చు. అప్పుడు స్వరం పైకి వెళ్లేకొద్దీ చిటికెనవేలి నుంచి బొటనవేలి వైపు నడవాలి. కొనేముందు ఆ తిత్తి మీ కుడిచేతికి సుఖంగా అందుతోందో లేదో కూర్చుని చూసుకోండి.

మూడో రకం: వేరేది కొనాలి, లేదా రాజీపడాలి

ఇది గిటారు కథ. గట్టి ఎడమచేతి వాళ్లకు మూడు దారులున్నాయి.

1. ఎడమచేతి గిటారు కొనడం. అన్నిటికన్నా సుఖం. చిన్న ఊళ్ల దుకాణాల్లో సాధారణంగా సిద్ధంగా ఉండదు, చెప్పి తెప్పించుకోవాలి. రకాలు తక్కువ, ధర కాస్త ఎక్కువ పడొచ్చు.

2. కుడిచేతి గిటారుకు తీగలు తారుమారు చేయడం. జిమీ హెండ్రిక్స్ అలాగే చేసి చరిత్రలో నిలిచాడు. కానీ తీగలు మార్చి ఊరుకుంటే చాలదు. మెడ చివర తీగలు కూర్చునే గాళ్లు లావు తీగకు వెడల్పుగా, సన్న తీగకు సన్నగా కోసి ఉంటాయి. సన్న తీగను లావు గాడిలో పెడితే అది కదులుతూ జరజరమంటుంది. ఆ ముక్క కూడా మార్పించాలి. ఒకపక్క కోత పెట్టిన గిటారైతే ఆ కోత మీ చేతికి అవతలి వైపు పడుతుంది. కాబట్టి రెండువైపులా ఒకేలా ఉన్నది ఎంచుకోండి.

3. అందరిలాగే కుడిచేతి గిటారు నేర్చుకోవడం. గిటారిస్టు మార్క్ నాప్‌ఫ్లర్‌ది ఎడమచేతి వాటమే, వాయించేది మాత్రం కుడిచేతి వాటంగా.

ఏది ఎంచుకోవాలి? ఒక సందర్భం అనుకుందాం. మణుగూరు కాలనీలో ఒక అబ్బాయికి సొంత గిటారు లేదు. చర్చిలో ఉన్న ఒక్క గిటారునే నలుగురు పంచుకుంటున్నారు. అతనికి మూడో దారే మంచిది. ఎక్కడికెళ్లినా ఎవరి గిటారైనా అందుకుని వాయించగలడు. ఇంకో అమ్మాయి మూడు నెలలు కుడిచేతి వాటంగా ప్రయత్నించింది. ఎడమచేతి వేళ్లు తీగల మీద చక్కగా నిలిచాయి, కుడిచేతి లయ మాత్రం ఎంతకీ కుదరలేదు. ఆమెకు మొదటి దారే మంచిది. లయ కుదరని చేత్తో ఏళ్ల తరబడి పోరాడటం కన్నా కొంచెం డబ్బు పోతే పోనివ్వండి.

మొదటి నెల సాధన ఇలా

1. గురువుకు పక్కన కాదు, ఎదురుగా కూర్చోండి. మీరు వాద్యం తిప్పి పట్టారు కాబట్టి ఆయన కుడిచెయ్యి, మీ ఎడమచెయ్యి ఒకే పక్కన ఉంటాయి. అద్దంలో చూసినట్టు అనుసరించవచ్చు. పక్కన కూర్చునే కుడిచేతి వాళ్లకు లేని వీలు ఇది.

2. నోటుపుస్తకంలో "కుడి", "ఎడమ" అన్న మాటలు కొట్టేయండి. మృదంగమైతే "తొప్పి", "నల్లమచ్చ" అని రాసుకోండి. డప్పయితే "సిర్ర", "పుల్ల". గురువు "కుడిచేత్తో కొట్టు" అన్నప్పుడు మనసులో మార్చుకునే శ్రమ తగ్గుతుంది.

3. ముందు నోటితో పలకండి. తొం, నం అంటూ జతిని చేతుల్లేకుండా తప్పు లేకుండా చెప్పగలిగాకే వాద్యం ముట్టుకోండి. నోటికి కుడి ఎడమ లేదు. నోటికి వచ్చింది చేతికి త్వరగా వస్తుంది.

4. ఫోన్‌లో పాఠం వీడియో చూసేటప్పుడు ఎడిటింగ్‌లో ఫ్లిప్ నొక్కి అటుదిటు తిప్పండి. గిటారు పటాలు అచ్చులో ఉంటే అద్దం ముందు పెట్టి చూడండి.

5. రోజూ 20 నిమిషాలు చాలు. అందులో మొదటి 5 నిమిషాలు బలహీనమైన చేతికి ఇవ్వండి. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారమంతా మానేస్తే చెయ్యి తిరగదు.

6. ఆది తాళం ఎనిమిది అక్షరాలు ఇంట్లో ఏ చేత్తో వేసినా ఫరవాలేదు. నలుగురిలో పాడేటప్పుడు కుడిచేత్తో వేయడం అలవాటు చేసుకోండి. పక్కవాళ్లు మీ చెయ్యి చూసి అందుకుంటారు కదా.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

నెలకోసారి చెయ్యి మార్చడం. ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అరక కట్టే రైతునడగండి: దాపట అలవాటైన ఎద్దును వలపటికి మారిస్తే రెండూ సాగవంటాడు. ఒక వైపు నిర్ణయించుకుంటే కనీసం మూడు నెలలు కదలకండి. ఆ తర్వాతే ఆలోచించండి.

ప్రతి తడబాటుకూ చేతిని తిట్టుకోవడం. "నాది పుర్రచెయ్యి కాబట్టే రావడం లేదు" అనుకుంటున్నారా? పక్కనున్న కుడిచేతి విద్యార్థిని చూడండి. అతనిదీ రెండో చెయ్యి వెనకబడే ఉంటుంది. మొదటి ఆరు నెలల తడబాటులో ఎక్కువ భాగం కొత్తదనానిది, వాటానిది కాదు.

అందరిదైన వాద్యాన్ని మార్చేయడం. చర్చి గిటారు తీగలు తారుమారు చేసి వదిలేస్తే మరునాడు ఇంకొకరు తిట్టుకుంటారు. మార్పులు సొంత వాద్యం మీదే.

నొప్పిని ఓర్చుకోవడం. వేళ్ల కొసలు మండటం మామూలే. మణికట్టు, మోచేయి, భుజం నొప్పి పెడుతున్నాయంటే పట్టు తప్పిందని అర్థం. ఆపి, గురువుకు చూపించండి.

గురువుతో, ఇంట్లో వాళ్లతో ఎలా మాట్లాడాలి

వాదనకు దిగకండి. గడువు అడగండి. "గురువు గారూ, నాది పుర్రచెయ్యండి. ఒక్క నెల డోలు తిప్పి వేసుకుని వాయిస్తాను. మీరే విని చెప్పండి. బాగాలేదంటే మీరు చెప్పినట్టే పడతాను." ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. గూడెంలో నేర్పే తాతకైతే ఇంత మాట కూడా అక్కర్లేదు. "తాతా, ఓసారి విను" అని వాయించి చూపించండి.

పెద్దలకు నొచ్చే చోటు వేరే ఉంటుంది, అది గమనించండి. దక్షిణ, పండు, తాంబూలం కుడిచేత్తో ఇవ్వండి. వాద్యానికి రెండు చేతులా దండం పెట్టండి. మర్యాదకు కుడిచెయ్యి, మృదంగానికి ఎడమచెయ్యి. ఈ రెండింటినీ విడదీసి చూపిస్తే సగం అభ్యంతరాలు వాటంతటవే తగ్గుతాయి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. పిల్ల ఎడమచేత్తో కర్ర అందుకున్నప్పుడు చేతి మీద కొట్టకండి. పైన చెప్పిన నాలుగు పరీక్షలూ ఆటలా ఆడించండి. ఏ వాద్యమో చూడండి. తర్వాత గురువుతో మాట్లాడండి. ఆ వరస తప్పిస్తే పిల్లకు చెయ్యి మీద కాదు, సంగీతం మీదే విసుగు పుడుతుంది.

మేళంలో మీ చోటు

ఒంటరిగా వాయిస్తే సమస్య లేదు. పదిమందిలో వాయిస్తే ముందే చెప్పి పెట్టాలి. డప్పుల వరసలో మధ్యన నిలబడితే మీ మోచెయ్యి పక్కవాడి పుల్లకు తగులుతుంది. వరస చివర నిలబడండి. మీ సిర్ర ఉన్న చెయ్యి వరసకు బయటి వైపు ఉండేలా చూసుకోండి. మురళి వాయిస్తే దాని కొస ఏ వైపు వస్తుందో ఆ వైపు మూరెడు జాగా అడగండి. భద్రాచలంలో రామదాసు జయంతికి కీర్తనలు బృందంగా పాడతారు. అలాంటి వేదిక మీద మృదంగానికి కూర్చునే అవకాశం వస్తే, వయొలిన్ వాళ్లతో మాట్లాడాల్సింది ముందురోజు. తెర లేచాక కాదు.

ఈ వారం మీ పని

ఒక కాగితం తీసుకోండి. పరీక్షల్లో తేలిన చెయ్యి, మీరు కోరుకున్న వాద్యం, అది మూడు రకాల్లో దేని కిందికి వస్తుందో, ఈ మూడూ రాయండి. కింద "మూడు నెలల దాకా మార్చను" అని రాసి తేదీ వేయండి. దాన్ని గురువుకు చూపించి మొదటి పాఠానికి కూర్చోండి. ఆ పాఠం తప్పులతడకగానే సాగుతుంది. కుడిచేతి వాళ్ల మొదటి పాఠమూ అంతే.